గులాబీ ఆమె చేతికి, లెక్క అతని జేబుకి

రోమ్ నగరంలో పొద్దువాలాక గులాబీలు అమ్మేవాళ్లకి ఒంటరిగా నడిచే మనిషితో పనిలేదు. చూపంతా జంటల మీదే, అందులోనూ కొత్త జంటల మీద. ట్రెవీ ఫౌంటెన్ ముందు ఫొటోకి నిలబడ్డ అమ్మాయి చేతిలో పువ్వు పెట్టేసి, ‘మీ అందానికి కానుక’ అంటారు. వద్దన్నా వెనక్కి తీసుకోరు. నాలుగడుగులు వేసేసరికి భర్త పక్కన ప్రత్యక్షమవుతారు. అయిదు యూరోలు, కాదంటే మూడు, పోనీ నీకు తోచింది ఇవ్వు.

పెళ్లయి నెల తిరగని కుర్రాడు. పక్కన భార్య, చుట్టూ జనం. ఈ పువ్వుకి డబ్బులివ్వనని ఏ నోటితో అంటాడు? ఆ బేరమంతా ఈ మొహమాటం మీదే నడుస్తుంది.

హనీమూన్ అంటే ఊటీ, కొడైకెనాల్ అనుకున్న తరం వెళ్లిపోయింది. ఇప్పుడు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో వీసా కాగితాలు సర్దుకుని పారిస్, రోమ్, వెనిస్ చుట్టి వచ్చే జంటలున్నాయి. రోమ్‌లో పూలమ్మేవాళ్లలో చాలామంది బంగ్లాదేశ్ నుంచి వచ్చినవాళ్లే కాబట్టి, మనవాళ్ల మొహం చూడగానే పలకరింపు హిందీలోకి మారిపోతుంది. పరాయిదేశంలో ‘భాయ్’ అనే పిలుపు వినబడితే కాళ్లు వాటంతటవే ఆగుతాయి. లాడ్ బజార్‌లో గాజుల జత చెప్పిన ధరకి సగం నుంచి బేరం మొదలుపెట్టే అమ్మాయి కూడా అక్కడ మౌనం వహించడం విచిత్రమే.

పారిస్‌లో పద్ధతి వేరు. మాన్‌మార్త్ర్ గుట్ట మీద తెల్లటి సాక్రే కేర్ చర్చి ఉంది. అక్కడికి ఎక్కే మెట్ల దగ్గర రంగు దారాలు పట్టుకుని యువకులు నిలబడతారు. ఏ దేశమని అడుగుతూనే చెయ్యి అందుకుని, వేలికి దారం తగిలించి అల్లడం మొదలెడతారు. అల్లిక పూర్తయ్యేసరికి అది మణికట్టుకి ముడిపడి ఉంటుంది, కత్తెర లేనిదే ఊడదు. గుళ్లో తోరం కట్టించుకుని పళ్లెంలో దక్షిణ వేసే అలవాటున్న మనవాళ్లు మరీ సులువుగా చెయ్యి చాపేస్తారు. చేతులు జేబులో పెట్టుకుని, మాట కలపకుండా, నడక ఆపకుండా వెళ్లిపోవడమే అక్కడ పనిచేసే ఉపాయం.

ప్రేమ ఎక్కడ ఆచారంగా మారితే అక్కడ దాన్ని అమ్మే బండి వెలుస్తుంది. ఫెదెరికో మొచ్చా రాసిన ఒక నవల 2006లో వచ్చింది. అందులో జంట రోమ్‌లోని మిల్వియో వంతెన దీపస్తంభానికి తాళం వేసి, చెవిని టైబర్ నదిలోకి విసురుతుంది. చదివినవాళ్లంతా తాళాలతో బయల్దేరారు, వాళ్ల వెనకే తాళాలమ్మేవాళ్లు. బరువుకి మరుసటి ఏడే దీపస్తంభం దెబ్బతింది. పారిస్‌లో పాన్ దేజార్ వంతెనకీ అదే గతి. 2014లో కటకటాల్లో ఒక భాగం కూలింది. 2015లో నగరపాలక సంస్థ అక్కడి నుంచి దాదాపు 45 టన్నుల తాళాలు తొలగించి, ఆ తర్వాత అద్దాల పలకలు బిగించింది. ఆ టన్నుల్లో మన జంటలు వేసిన తాళాలూ ఉండే ఉంటాయి.

వీధి అమ్మకందార్లని దొంగలన్నట్టు చూడడం మాత్రం అన్యాయం. చాలామందికి సరైన పత్రాలుండవు, వేరే పని దొరకదు. పోలీసు కనబడితే సరుకు మూటగట్టి పరుగెత్తాల్సిందే. చలిలో రెస్టారెంటు నుంచి రెస్టారెంటుకి తిరుగుతూ వందసార్లు ‘నో’ వింటే పదిసార్లు చిల్లర రాలుతుంది. పువ్వు నచ్చితే ధర ముందే అడిగి కొనుక్కోవచ్చు, అందులో మోసపోయిందేమీ లేదు. నచ్చకపోతే చేతిలోకి తీసుకోకూడదు. ఇప్పటికే చేతిలో పెట్టేసి ఉంటే, పక్కనున్న గట్టు మీద మెల్లగా పెట్టి నడిచిపోవాలి. తిట్టుకోవడం, తోసెయ్యడం అక్కర్లేదు.

జాగ్రత్త పడాల్సింది దుప్పటి మీద పరిచిన పెద్ద బ్రాండ్ల నకిలీ హ్యాండ్‌బ్యాగుల దగ్గర. ఇటలీలో అమ్మినవాళ్లతోపాటు కొన్నవాళ్లకీ జరిమానా పడుతుంది, అది 7 వేల యూరోల దాకా ఉండొచ్చు. శ్రీమతికి కానుకగా ముచ్చటపడి కొన్న సంచి టిక్కెట్ల ఖర్చుని మించిపోగలదు.

ఇక గులాబీ కొన్నాక రోమ్‌లోని స్పానిష్ మెట్ల మీద కాసేపు కూర్చుందామనుకునే జంటలకి ఒక మాట. 1953 నాటి ‘రోమన్ హాలిడే’ సినిమాలో ఆడ్రీ హెప్‌బర్న్ అక్కడే ఐస్‌క్రీమ్ తిని ఆ మెట్లని ప్రపంచానికి చూపించింది. 2019 నుంచి అక్కడ కూర్చోవడం నిషేధం. పోలీసులు ఈల వేసి లేపుతారు, జరిమానా 400 యూరోల దాకా వెయ్యొచ్చు.