కందెన

“కందెన వేయని బండికి కావలసినంత సంగీతం” అని తెలుగువారి సామెత. ఎద్దుబండి ఇరుసుకు ఆముదంలో గడ్డిమసి కలిపి పూసిన కాలంనాటి మాట ఇది. ఇరుసు కిర్రుమని మొరపెట్టుకోగానే బండివాడు దిగి కందెన వేసేవాడు. నేటి మోటారుసైకిలుకు అలా మొరపెట్టుకొనే గుణం లేదు. నూనె తరిగినా, చెడినా అది చాలాకాలం మౌనంగా భరిస్తుంది. శబ్దం చెవిని పడేనాటికి లోపల జరగవలసిన నష్టం జరిగిపోయి ఉంటుంది.

తెల్లవారుజామున పాలక్యాను మోసేదీ, పగలు పిల్లవాణ్ణి కళాశాలకు చేర్చేదీ, రాత్రి రోగిని ఆసుపత్రికి తీసుకుపోయేదీ ఆ ఒక్క వాహనమే అయిన ఇళ్ళు అనేకం. ఇంజను పట్టేస్తే ఆ ఇంటి నెలసరి లెక్కలన్నీ తారుమారవుతాయి. అందుకే మెకానిక్కు “మామూలు ఆయిలా, సింథటిక్కా తమ్ముడూ?” అని అడిగినప్పుడు ఆ కుర్రవాడు చెప్పే జవాబు చిన్న విషయం కాదు.

ఇంజనులో పిస్టను నిమిషానికి వేలసార్లు పైకీ కిందికీ కదులుతుంది. లోహానికీ లోహానికీ నడుమ సన్నని పొరగా నిలిచి ఒరిపిడిని తగ్గించడం నూనె మొదటి పని. వేడిని మోసుకుపోవడం, మసిని తనలో కలుపుకోవడం, తుప్పును ఆపడం తక్కిన పనులు. పైగా కారులో వలె కాక, చాలా మోటారుసైకిళ్ళలో గేర్లకూ క్లచ్చుకూ కూడా ఆ నూనెయే ఆధారం.

మామూలు ఆయిల్ అంటే ముడిచమురును శుద్ధిచేయగా వచ్చిన ఖనిజ తైలం. అందులోని అణువులు రకరకాల పరిమాణాలలో ఉంటాయి. సింథటిక్ నూనెలో రసాయన ప్రక్రియలచేత ఇంచుమించు ఒకే తీరుగా కూర్చిన అణువులుంటాయి. అందువల్ల అది అధిక వేడిమికి త్వరగా పలచబడదు, ఆవిరికాదు, చలికి గడ్డకట్టదు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో జర్మనీ ఇటువంటి నూనెలను తయారుచేసింది. తరువాత జెట్ విమానాల ఇంజన్లు వీటిపైనే ఆధారపడ్డాయి. అయితే డబ్బాపై ఆ పేరున్న ప్రతి నూనే ఒకే తరగతికి చెందినది కాదు. ముడిచమురునే అత్యంత కఠినంగా శుద్ధిచేసిన నూనెను కూడా ఆ పేరుతో అమ్మవచ్చునని అమెరికాలో 1999లో ఒక ప్రకటనల వివాదంపై తీర్పు వెలువడింది. నాటినుండి ఆ వాడుక స్థిరపడింది.

కనుక పేరుకంటె అంకెలే ముఖ్యం. 20డబ్ల్యు-50 అన్నచోట ‘డబ్ల్యు’ అంటే శీతకాలం. 20డబ్ల్యు నూనెను సున్నాకు 15 డిగ్రీలు దిగువన పరీక్షిస్తారు. చలికి పేరుపడ్డ లంబసింగిలోనైనా ఉష్ణోగ్రత సున్నాకు చేరువవుతుందే గాని అంత దిగువకు పోదు. రెండవ అంకె 100 డిగ్రీల వేడిలో నూనె చిక్కదనాన్ని తెలుపుతుంది. రెంటచింతల, రామగుండం ఎండలలో తిరిగేవారు గమనించవలసినది దీనినే. ఇక జపాను దేశపు ‘జాసో’ ప్రమాణం 1998లో వచ్చింది. అందులో ‘ఎమ్ఏ’ గుర్తు నూనెలో మునిగి పనిచేసే క్లచ్చుకు తగినదని అర్థం. చవకగా దొరికిందని కారు నూనె పోస్తే అందులోని ఒరిపిడి తగ్గించే మందులవల్ల క్లచ్చు జారవచ్చు. ఆ దోషం సింథటిక్‌ది కాదు, ఆ మందులది.

మరి ఏది మేలు? రోజుకు కొద్ది దూరం తిరిగే చిన్న బండికి, తయారీదారు పుస్తకం అంగీకరించినప్పుడు, ఖనిజ తైలం చాలు. శక్తిమంతమైన ఇంజనుకు, మండువేసవిలో రోజంతా నగరపు రద్దీలో వస్తువులు చేరవేసే యువకుని బండికి సింథటిక్ అధిక రక్షణనిస్తుంది. పుస్తకం దానినే కోరినచోట ఖరీదుకు వెరచి మామూలుది పోయడం పొదుపు కాదు. అంతకంటె పెద్ద పొరపాటు మరొకటి ఉంది. ఖరీదైన నూనె పోశామన్న ధీమాతో గడువును మరచిపోవడం. మసి, పెట్రోలు, తేమ ఏ నూనెలోనైనా చేరతాయి; మట్టం ఏ నూనెకైనా తగ్గుతుంది. గడువు దాటిన సింథటిక్ కంటె గడువుకు మార్చిన మామూలు నూనె నయం.

తీసివేసిన నూనెను కాలువలో పారబోయడం మరో తప్పు. మన దేశంలో 2016 నాటి నిబంధనలు వాడిన నూనెను ప్రమాదకర వ్యర్థంగా పరిగణిస్తున్నాయి. దానిని శుద్ధిచేసి తిరిగి వాడుకొనే మార్గముంది. కనుక సేకరించేవారికే అప్పగించాలి.

నాటి బండివాడికి ఇరుసు మొర చెవిని పడితే చాలు, కందెన గుర్తుకు వచ్చేది. నేటి యువకుడు వినిపించని మొరను కూడా వినాలి. వారానికొకసారి బండిని చదునైన చోట నిలిపి నూనె మట్టం చూసుకొనేవాడికి మెకానిక్కు ప్రశ్న కష్టమనిపించదు.