మూడు తులముల బల్లి

వికారాబాదు జిల్లాలోని కోట్‌పల్లి గ్రామమున, దీపము వెలుగగానే గోడ మీదికి వచ్చు బల్లిని ఎరుగని బాలుడు లేడు. అది మీద పడినచో ఏమి ఫలమో పంచాంగము చూచి చెప్పువారు పెక్కురు. దాని కడుపు వంక చూచువారు అరుదు. చూలుతోనున్న ఆడబల్లి కడుపున, పలుచని చర్మము క్రింద, రెండు తెల్లని గ్రుడ్లు కానవచ్చును. కొన్నింటి మెడకు ఇరుప్రక్కల తెల్లని ఉబ్బులును ఉండును. అవి రోగము కావు. గ్రుడ్ల పెంకునకై అది కూడబెట్టుకొనిన సున్నపు సంచులు.

ఈ బల్లికి దూరపు చుట్టమొకటి ఆస్ట్రేలియాకు తూర్పున, ఫ్రెంచివారి ఏలుబడిలోనున్న న్యూ కాలిడోనియా దీవులలో కలదు. కన్నుల మీదుగా ముండ్ల వంటి అంచు కిరీటమువలె సాగుటచే దానికి క్రెస్టెడ్ గెకో అను పేరు వచ్చెను. 1866లో గిషెనో అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దానిని మొదట వర్ణించెను. పిదప చిరకాలము కానరామిచే అది నశించినదనియే తలచిరి. 1994లో మరల కనబడెను! నేడు అమెరికా, ఐరోపా దేశములలో అనేకులు దానిని ఇండ్లలో పెంచుచున్నారు.

గ్రుడ్డు నుండి వెలువడిన పిల్ల బరువు సుమారు రెండు గ్రాములు. పండ్ల పొడిని నీట కలిపి పెట్టుదురు. సున్నపు పొడి అద్దిన కీచురాళ్లను వేయుదురు. దానికి 22 మొదలు 26 డిగ్రీల వరకు గల చల్లదనము హితము. 40 డిగ్రీలు దాటు కోట్‌పల్లి వేసవిలో అది బ్రతుకజాలదు. మన బల్లికి తెగిన తోక మరల మొలచును, దీనికి మొలవదు. కావున దానిని కొనచేతులతో పట్టి లాగరాదు.

ఆడపిల్ల విషయమున మరియొక జాగ్రత్త కలదు. ఏడాది నిండునప్పటికే అది చూలు దాల్చగలదు. ఆశపరులు అప్పుడే మగదానిని తోడు చేర్చుదురు. ఇది క్రూరమైన తొందర. చూలు నిలిచిన పిదప, నెలకో నెలన్నరకో రెండేసి గ్రుడ్లు పెట్టుచునే యుండును. దీని సున్నపు సంచులు నోటి పైకప్పున ఉండును. అవి వట్టిపోయినచో, తన ఎముకలలోని సున్నమునే తీసి గ్రుడ్లకిచ్చును. దవడ మెత్తబడును, కాళ్లు వంగును, తుదకు ప్రాణమే పోవును.

అందుచేత తెలిసినవారు నెలలను మాత్రమే లెక్కింపరు, త్రాసున తూచెదరు. ఏడాదిన్నర వయస్సును, 35 గ్రాముల బరువును, అనగా పాత లెక్కకు మూడు తులములు, వచ్చువరకు దానిని ఒంటరిగా పెంచెదరు. నోరు తెరపించి సంచులు తెల్లగా నిండియున్నవో లేవో చూచెదరు. మగదానిని వేరుచేసిన పిమ్మటను కొన్ని నెలలు గ్రుడ్లు పెట్టుట మానదు. శీతకాలమున తావును మరికొంత చల్లబరచిననే ఆగును. ఆ రెండు మూడు నెలలు మేపి, తగ్గిన బరువు తిరిగి వచ్చెనో లేదో మరల తూచెదరు.