నన్ను అడిగారు, మా నాన్నను అడగలేదు

2016 జూన్ 23న, బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా బయటికి రావాలా అని జనాన్ని అడిగినప్పుడు, మిడిల్స్‌బరోలో నేనూ ఓటేశాను. నా దగ్గరున్నది భారత పాస్‌పోర్టే. కామన్వెల్త్ దేశాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్లకు ఆ ఓటు ఉంది. మా వీధిలో ఏళ్లుగా ఉంటున్న పోలండ్ కుటుంబానికి లేదు. నేను ‘ఉండాలి’ అన్నాను. మా ఊళ్లో ముగ్గురిలో ఇద్దరు ‘బయటికి’ అన్నారు. దేశం మొత్తమ్మీద 51.9 శాతం అటు, 48.1 శాతం ఇటు.

అంతకు రెండేళ్ల ముందు ఆంధ్రప్రదేశ్ రెండైనప్పుడు విశాఖ గాజువాకలో ఉన్న మా నాన్నను ఎవరూ ఏమీ అడగలేదు. రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం అడగక్కర్లేదు కూడా. 2014 జనవరి 30న ఉమ్మడి శాసనసభ విభజన బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించింది. ఫిబ్రవరి 18న ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయి ఉండగా లోక్‌సభ దాన్నే పాస్ చేసింది. తెలంగాణవాళ్ల కోరిక దశాబ్దాలనాటిది, న్యాయమైనది. దానితో నాకు పేచీ లేదు. కానీ ఆ రోజు ఫోన్లో నాన్న అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. 1972లో తెలంగాణ ఉద్యోగాల ముల్కీ నిబంధనలపై తీర్పు తర్వాత, తెన్నేటి విశ్వనాథం లాంటి పెద్దలు ప్రత్యేక రాష్ట్రం కోసం జై ఆంధ్ర అన్నప్పుడు నాన్న ఆంధ్రా యూనివర్సిటీ విద్యార్థి. ఊరేగింపుల్లో నడిచినవాడు. “అప్పుడు మేం కావాలంటే ఇవ్వలేదురా. ఇప్పుడు వద్దంటే ఇచ్చారు,” అన్నాడు.

ఇలాంటి విడిపోవడాలను నెత్తికెత్తుకునేది తరచూ ఆ నిర్ణయం తీసుకోనివాళ్లే. 2016 జూలై 13న ప్రధాని అయిన థెరిసా మే స్వయంగా ‘ఉండాలి’ అన్న పక్షం. 2014 జూన్ 8న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన చంద్రబాబు నాయుడి పార్టీ 2008లో తెలంగాణకు సరేనంది. 2013 అక్టోబరులో మాత్రం రెండు ప్రాంతాలకూ సమన్యాయం కావాలని ఆయన ఢిల్లీలో నిరాహారదీక్షకు కూర్చున్నారు. అలాంటి నాయకుడు ముందుగా వెళ్లాల్సింది, తమ మాట చెల్లలేదని కుమిలిపోతున్నవాళ్ల దగ్గరికి. ఈ మాట నేను రెండు ఊళ్లనూ చూసి చెబుతున్నాను.

సొంత రాజధాని లేని రాష్ట్రపు తొలి మంత్రివర్గ సమావేశం 2014 జూన్ 12న విశాఖలో, ఆంధ్రా యూనివర్సిటీలోనే జరిగింది. నాన్న దాన్ని పెద్దగా లెక్కచేయలేదు. ఆయన మనసు మారింది అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక. విమానాశ్రయం పైకప్పు లేచిపోయింది. కొండల మీద పచ్చాకన్నది మిగల్లేదు. రోజుల తరబడి కరెంటు లేదు. పాలప్యాకెట్ కోసం, మంచినీళ్ల కోసం క్యూలు. ముఖ్యమంత్రి ఊళ్లోనే మకాం వేసి, బస్సులో పడుకుంటూ పనులు చేయించారు. ఏ పార్టీకీ చెందని నాన్న, ఫోన్ కలిసిన రోజున ముందు చెప్పింది ఇంటి రేకులు ఎగిరిపోయిన సంగతి కాదు, “ఆయన ఇక్కడే ఉన్నాడు” అని.

మే విషయంలో జరిగింది వేరు. 2017 జూన్‌లో లండన్ గ్రెన్‌ఫెల్ టవర్ తగలబడి 72 మంది చనిపోయారు. మర్నాడు ఆమె అక్కడికి వెళ్లి అగ్నిమాపక సిబ్బందిని కలిశారే తప్ప, ఇల్లూ మనుషులూ పోగొట్టుకున్నవాళ్లను కలవలేదు. అది పొరపాటని తర్వాత తనే ఒప్పుకున్నారు.

అయితే తుపానులో పక్కన నిలబడ్డ నాయకుడు విభజన నొప్పి దగ్గర కూడా అలాగే నిలబడతాడన్న భరోసా ఏమీ లేదు. 2017 జనవరి చూడండి. 17న లాంకాస్టర్ హౌస్ ప్రసంగంలో, ఉమ్మడి మార్కెట్ నుంచీ కస్టమ్స్ యూనియన్ పూర్తి సభ్యత్వం నుంచీ కూడా తప్పుకుంటామని మే తేల్చేశారు. నాబోటి 48 శాతం మందికి ఆ ప్రసంగంలో చోటు లేదు. 26న విశాఖ ఆర్కే బీచ్‌లో రాష్ట్రానికి ప్రత్యేక హోదా కోసం కొవ్వొత్తులు పట్టుకుని నిలబడతామన్న కుర్రాళ్లకు పోలీసులు అనుమతి ఇవ్వలేదు. ప్రతిపక్ష నాయకుడు జగన్మోహన్ రెడ్డిని విమానాశ్రయంలోనే ఆపేశారు. ఐదేళ్లు హోదా ఇస్తామని 2014 ఫిబ్రవరి 20న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ రాజ్యసభలో చెప్పిన మాట అది. 2016 సెప్టెంబరులో దాని బదులు ప్యాకేజీకి ముఖ్యమంత్రి ఒప్పుకున్నారు. బేరం కుదరలేదని జనానికి చెప్పవచ్చు, జనం వింటారు. అడిగేవాళ్లను బీచ్‌లోకి రానివ్వకపోవడం నాకు ఈరోజుకీ మింగుడుపడదు.

2019 జనవరిలో యూరోపియన్ యూనియన్‌తో మే చేసుకున్న ఒప్పందం బ్రిటన్ పార్లమెంటులో 432–202 ఓట్లతో ఓడిపోయింది. ఆ ఏడాది మే నెల 23న ఆంధ్రలో తెలుగుదేశానికి 175లో 23 సీట్లు వచ్చాయి. మర్నాడు 24న థెరిసా మే రాజీనామా ప్రకటించారు. ఆ రెండు రోజులూ నేను రెండు దేశాల టీవీలకూ అతుక్కుపోయాను.

మిడిల్స్‌బరోలో మా పక్కింటి పెద్దాయన రెడ్‌కార్ ఉక్కు కర్మాగారంలో జీవితమంతా పనిచేశాడు. 2015లో అది మూతపడి రెండువేలమందికి పైగా రోడ్డున పడ్డారు. ఆయన ‘బయటికి’ అని ఓటేశాడు. “యూరప్ మీద కోపం కాదు, మేం చెబితే లండన్‌కు వినపడట్లేదు, అందుకే” అన్నాడు. 2022 నవంబరులో బ్లాస్ట్ ఫర్నేస్‌ను కూల్చేస్తుంటే చూడ్డానికి ఆయనతో నేనూ వెళ్లాను. నాన్న పనిచేసింది విశాఖ ఉక్కు మొదటి ఫర్నేస్ ‘గోదావరి’ మీద. 1966లో ప్రాణాలిచ్చి తెచ్చుకున్న ఆ ఫ్యాక్టరీని మొత్తంగా అమ్మేయాలని కేంద్రం 2021 జనవరిలో నిర్ణయించింది. అందుకే అక్కడ ఆ దుమ్ము లేస్తుంటే నాకు విశాఖ ఉక్కు కూర్మన్నపాలెం గేటే కనబడింది.

విభజన చట్టంలో ఆరునెలల్లో పరిశీలించమన్న రైల్వే జోన్‌ను విశాఖ కేంద్రంగా 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు. ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన 2025 జనవరిలో జరిగింది. అదే నెలలో ఉక్కుకు 11,440 కోట్ల ప్యాకేజీ కూడా ఇచ్చారు. మంచిదే. కానీ కార్మికులు ఏళ్లుగా అడుగుతున్న సొంత ఇనుప గనులు అందులో లేవు. చంద్రబాబు మళ్లీ ముఖ్యమంత్రి, కేంద్ర ప్రభుత్వం ఆయన ఎంపీల మద్దతుతో నడుస్తోంది. గనులు అడగడానికి ఇంతకన్నా మంచి అదను విశాఖకు మళ్లీ ఎప్పుడొస్తుంది?