సిలిండర్ మీద తేదీ

మా ఇంట్లోకి కొత్తగా వచ్చింది నేనూ మా చెల్లీ మాత్రమే అంటాడు నాన్న. మిగతావన్నీ ఎవరో ఒకరు వాడి వదిలేసినవే. ఫ్రిజ్, బీరువా, అమ్మ కుట్టుమిషన్, ఆయన తిరిగే స్కూటర్, షెడ్డులో గాలి కొట్టే కంప్రెసర్. బోయిన్‌పల్లిలో ఆయనది టూవీలర్ మెకానిక్ షెడ్డు. రాణీగంజ్‌లో ఒక పాత పానా చేతికిస్తే, అది గట్టిదో, పెయింట్ వేసిన తుక్కో పట్టుకునే చెప్పేస్తాడు. కొత్తది కొనడమంటే ఆయన లెక్కలో అట్టడబ్బాకి డబ్బులు కట్టడం.

ఆ జోకులో ఒక చిన్న అబద్ధం ఉంది. చెల్లి కొత్తగానే వచ్చింది గానీ, దాని చేతికి వచ్చినవేవీ కొత్తవి కావు. నా యూనిఫాం, నా జామెట్రీ బాక్సు, నా సైకిలు, చివరికి మార్జిన్లలో నా పిచ్చిగీతలున్న టెక్స్ట్ బుక్కులు. ఇంట్లో పెద్దదాన్ని కాబట్టి నాకిది ఎప్పుడూ తట్టలేదు. తట్టడానికి ఒక పిస్టల్ కొనాల్సి వచ్చింది.

2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల నుంచి మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ నాలుగు పతకాలతో తిరిగొచ్చింది. మా చెల్లికి షూటింగ్ పిచ్చి పట్టింది అప్పుడే. పది మీటర్ల ఎయిర్ పిస్టల్. గంటా పదిహేను నిమిషాల్లో అరవై షాట్లు. టార్గెట్ మీద పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, అంటే చొక్కా గుండీ అంత. రేంజ్‌లో అద్దె పిస్టల్‌తో రెండేళ్లు లాగింది. పొద్దున ఒకరు సైట్ తిప్పుకుంటారు, సాయంత్రం ఇంకొకరు. ఇది వెళ్లేసరికి మొదటి పది షాట్లూ సరిచేసుకోడానికే పోయేవి. "ఇక సొంతది కొనండి, లేదంటే ఈ స్కోర్ దగ్గరే ఆగిపోతది" అన్నాడు కోచ్ సార్.

కొత్తది రెండు లక్షల చుట్టుపక్కల. వాడినది లక్షా పదికి ఉంది. నా దగ్గర దాచుకున్నవి రెండు లక్షల పైచిలుకు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి కూడబెట్టినవి. వాటితో నేను చేయాలనుకున్నది వేరే ఉంది.

వాడినది కొనొచ్చా అని సార్‌ని అడిగాను. ఆయన సూటిగా జవాబివ్వకుండా తూటాల సంగతి ఎత్తుకున్నాడు. అమెరికాలాంటి చోట్ల షూటర్లు పేలిన తూటా ఖాళీ తొడుగులు ఏరుకొచ్చి ఇంట్లోనే మళ్లీ నింపుకుంటారట. కాలిన ప్రైమర్ తీసేయడం, సాగిన ఇత్తడిని డైలో నొక్కి మళ్లీ కొలతకి తేవడం, కొత్త ప్రైమర్ పెట్టడం, మందు తూచి పోయడం, పైన బుల్లెట్ బిగించడం. మందుని గ్రెయిన్లలో తూస్తారు. ఒక గ్రెయిన్ అంటే దాదాపు 65 మిల్లీగ్రాములు. మన దగ్గర ఆ ప్రశ్నే రాదు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తూటా తయారుచేయడం నేరం. 20 జౌల్స్ లోపు శక్తి, 4.5 మిల్లీమీటర్ల గొట్టం ఉన్న ఎయిర్ గన్‌కి మాత్రం లైసెన్స్ అక్కర్లేదు. మాలాంటి ఇళ్ల పిల్లలు దానితో మొదలుపెట్టేది అందుకే.

"వాళ్లకీ ఇదే సందేహం, పాత సామానా, కొత్తదా అని" అన్నాడు సార్. "నొక్కే ప్రెస్ పోత ఇనుము. అది తాతది మనవడు వాడొచ్చు. డైలకి తుప్పు, గీతలు ఉన్నాయా చూసి కొనొచ్చు. తూచే కాటాని మాత్రం తెలిసిన బరువు పెట్టి సరిచూడకుండా నమ్మకూడదు. ఇక వేరేవాళ్లు మూత తీసిన మందు డబ్బా ఊరికే ఇచ్చినా ముట్టొద్దు. లోపల ఏం కలిసిందో నీకు తెల్వదు కదా. ఇనుముని నమ్ము, మందుని నమ్మకు."

మా పిస్టల్లో మందు లేదు, గాలే కదా అనుకున్నాను.

అల్వాల్ వైపు ఒక అబ్బాయి ఎంఎస్‌కి వెళ్తూ తన పిస్టల్ అమ్మేస్తున్నాడు. ముగ్గురం వెళ్లాం. నాన్న కళ్లద్దాలు పెట్టుకుని బండి ఇంజన్ చూసినట్టే చూశాడు. బ్యారెల్ బాగుంది. మెత్తటి సీసం పెల్లెట్లు దాన్ని పెద్దగా అరగదీయవు. ట్రిగ్గర్‌కి అరకిలో బరువు తగిలించి లేపితే నిలిచింది. రూల్ ప్రకారం అంతకన్నా తేలికవకూడదు. వాల్వ్ దగ్గర సబ్బునీళ్లు రాశాడు, ఒక్క బుడగా రాలేదు. పిస్టల్‌ని అటూ ఇటూ తిప్పి తల ఊపాడు. "మంచిగుంది బిడ్డా, కళ్లు మూసుకుని తీస్కోవచ్చు."

చెల్లి మాత్రం బ్యారెల్ కిందున్న సిలిండర్‌ని విప్పి వెలుతురుకి పెట్టి చూస్తోంది. "అక్కా, డేట్ చూసినవా? పదేళ్లు దాటి అయిదు నెలలైంది."

"ఏం కాదు, ఇంకో అయిదేళ్లు వస్తది. నేను మొన్నటిదాకా కొట్టిన" అన్నాడు ఆ అబ్బాయి. నాన్న కూడా అతనివైపే. సిలిండర్ మీద ఒక్క గీత లేదు, సొట్ట లేదు, ముల్లు కదలడం లేదు. ఆయన వేళ్లు ఇంతవరకూ ఆయనకి అబద్ధం చెప్పలేదు.

"డాడీ, నువ్వు కారు టైర్‌కి ఎంత గాలి కొడ్తవు?"

"ముప్పై రెండు, ముప్పై మూడు."

"అది రెండున్నర బార్ కూడా కాదు. దీన్ల రెండొందల బార్ ఉంటది. నింపినప్పుడల్లా లోహం కొంచెం సాగుతది, కాల్చినకొద్దీ సర్దుకుంటది. ఎన్నిసార్లు సాగిందో పైకి కనబడదు. అందుకే చాలా కంపెనీలు పదేళ్లే అంటయి. డేట్ దాటితే మ్యాచ్‌కి తీస్కపోవద్దు, ఆ బాధ్యత షూటర్‌దే అని రూల్‌లనే ఉంది. కొట్టేటప్పుడు ఇది నా మొహం ముందుంటది డాడీ."

నాన్న సిలిండర్‌ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. వేలితో ఆ అంకెలని తడిమాడు. తర్వాత మాట్లాడింది బేరమే. కొత్త సిలిండర్ ఖరీదు తగ్గించి ఇవ్వమన్నాడు, ఆ అబ్బాయి ఒప్పుకున్నాడు. నా డబ్బులు చాలా మిగిలాయి. ఆటోలో నాకు సంతోషంగానే ఉంది. చెల్లి పెట్టెని ఒళ్లో పెట్టుకుని బయటికి చూస్తూ కూర్చుంది.

రాత్రి నా పక్కన పడుకుని అంది. "గ్రిప్‌ల చెయ్యి పెడితే ఎవరో షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టుంది అక్కా."

ఎయిర్ పిస్టల్ గ్రిప్ చెక్కతో చేస్తారు. ఎవరి చేతికి తగ్గట్టు వాళ్లు ఆకురాయితో అరగదీసుకుంటారు, ఖాళీ ఉన్నచోట ఉడ్ పుట్టీ నింపుకుంటారు. ఆ అబ్బాయి బొటనవేలు దగ్గర లోతుగా చెక్కుకున్నాడు. కొత్త పిస్టల్ కొన్నా ఈ చెక్కుడు తప్పదు, అదే చెప్పాను. "తెలుసు" అంది. కాసేపాగి, "కొత్తదానిల ఫస్టు నా చెయ్యి పడ్తుండె" అంది.

నాకు జవాబు దొరకలేదు. కొత్తది కొనలేక కాదు కదా. రెండు లక్షలూ ఉన్నాయి. పాతది కొనడమే తెలివైన పని అని ఇంట్లో అందరికీ లెక్క వేసి చూపించాను. ఆ లెక్కలో తప్పేం లేదు, ఇప్పుడడిగినా పాతదే కొనమంటాను. కానీ ఇన్నేళ్లూ ఆ లెక్కలన్నీ దాని వంతులోంచే తీసేశాం. అమ్మ ఒక్కతే అంది ఆ రోజు, "దానికి ఒక్కటన్నా కొత్తది కొనియ్యరాదే" అని. నేను విననట్టే ఊరుకున్నాను.

తర్వాత మూడు సాయంత్రాలు షెడ్డు మూశాక నాన్న గ్రిప్ పని పట్టుకున్నాడు. పాత లోతంతా పుట్టీతో నింపాడు. ఆరాక చెల్లి పట్టుకునేది, "ఇక్కడ గుచ్చుతంది" అనేది, ఆయన కొంచెం రాసేవాడు. మళ్లీ పట్టుకునేది. అంత ఓపిగ్గా వాళ్లిద్దరూ ఒక పని చేయడం నేను చూడలేదు.

నాలుగో రోజు నాన్న పాత సిలిండర్ అడిగాడు. మా షెడ్డులో ఏ వస్తువూ పారేయరు. అరిగిన చైన్లు, పగిలిన క్లచ్ ప్లేట్లు కూడా డబ్బాల్లో ఉంటాయి. దీన్ని కూడా దాస్తాడనుకున్నాను. ఆయన చెల్లిని పిలిచి లోపలున్న గాలంతా వదిలించాడు. ముల్లు సున్నాకి వచ్చిందాకా ఆగి, సిలిండర్‌ని వైస్‌లో బిగించి, డ్రిల్‌తో పక్కన ఒక రంధ్రం వేశాడు.

"ఎందుకు డాడీ?" అని అడిగాను.

"బయటికి మంచిగనే కనబడ్తది" అన్నాడు అల్యూమినియం పొట్టు ఊదుతూ. "ఇట్లనే ఉంచితే ఎప్పుడో ఒకనాడు నేనే అమ్ముతా."