బోర్డు పట్టుకొను విధము

కామాఠిపురమను పేరు విన్నంతనే బయటివారి మనస్సునకు వేరొక తలంపు తోచును. ఆ పేరు మాత్రము నిజాము రాజ్యపు తెలుగు సీమనుండి వచ్చి, ఈ నగరమున రాళ్లు మోసి గోడలు కట్టిన కామాఠీలది. నేను పుట్టినది అక్కడి చాల్‌లోనే. మా నాయన మిల్లు కార్మికుడు. 1982 జనవరి 18వ తేదీన మొదలైన సమ్మెతో ఆ పని పోయినది. పదవ తరగతి ముగిసిన పిదప నేను లామింగ్టన్ రోడ్డున ఒక మరమ్మతు దుకాణమున చేరితిని. ఇంటినుండి నడచి పోదగిన దూరమే.

మొదటి వారమే దెబ్బ తగిలినది. ప్లగ్గు తీసితిని గదా యని బోర్డు వెనుకవైపున వ్రేళ్లు పెట్టితిని. 230 వోల్టుల కరెంటు డయోడ్ల గుండా పోయి కెపాసిటరులో నిండినప్పుడు సుమారు 325 వోల్టులగును. ప్లగ్గు తీసినను అది కొంతసేపు అందే నిలిచియుండును. నేను ఎగిరి గోడకు తగిలితిని. మా మేస్త్రీగారు నవ్వలేదు.

"తీగ పీకినవ్ సరే బిడ్డా, కరెంటు పీకినవా?" అని మాత్రము అడిగిరి.

ఆనాటినుండి వారు నేర్పినది నేటికిని నా పని. మీటరును ముందుగా కరెంటు ఉన్నచోట పెట్టి చూడవలెను. పిదప కెపాసిటరుపై పెట్టవలెను. మరల కరెంటు ఉన్నచోట చూడవలెను. చెడిన మీటరు కూడ సున్నయే చూపును గదా! కెపాసిటరును స్క్రూడ్రైవరుతో కలిపి నిప్పురవ్వలు రాల్చుట గొప్ప కాదు. తగిన రెసిస్టరు ద్వారా మెల్లగా ఖాళీ చేయవలెను. కరెంటు ఉన్న బోర్డును పరీక్షింపక తప్పనిచో ఎడమచేయి జేబులోనుండవలెను. ఒక చేతినుండి రెండవ చేతికి పారు కరెంటు గుండెమీదుగా పోవును.

మరమ్మతైన బోర్డును మొదటిసారి నూరు వాట్ల బల్బుతో వరుసగా కలిపి వెలిగింతుము. షార్టు ఉన్నచో బల్బు నిండుగా వెలుగును, బోర్డు కాలదు. లేనిచో ఒక్కసారి మెరసి మందగించును. (దుకాణమున పరీక్షకు నూరు వాట్లు, మా గదిలో చదువుకొనుటకు నలువదియే!)

ఇంత నేర్చియు 1996 శీతకాలమున తప్పు చేసితిని. భీవండిలోని ఒక సైజింగు కర్మాగారపు బోర్డును బాగుచేసి, పరీక్షించి, మామూలు ప్లాస్టిక్ కాగితమున చుట్టి, టెరిలీను చొక్కా తొడిగి, ఠాణాలో రైలు దిగి బస్సులో తీసికొనిపోతిని. అక్కడ బిగించిన బోర్డు పలుకలేదు. పొడిగాలిలో ప్లాస్టిక్ రాపిడికి పుట్టు నిలువ విద్యుత్తు సుమారు మూడువేల వోల్టులకు చేరిననే గాని మనకు తెలియదు. కొన్ని చిప్పులు నూరు వోల్టులకే చచ్చును. పైకి మచ్చయైన కనబడదు. "పాత బోర్డు, ఆయుస్సు తీరినది" అని యజమాని అనెను. నేను ఊరకుంటిని.

క్రొత్త చిప్పు దొరకుటకు నాలుగు దినములు పట్టినది. పడుగు నిలిచిపోయినది. ఆ నాలుగు దినములును కూలి లేక కూర్చున్నవారిలో మా మేనమామ యొకడు.

ఇప్పుడు నూలు చొక్కాయే తొడుగుదును. మణికట్టునకు పట్టీ కట్టి భూమికి కలుపుదును. ఆ పట్టీలో పది లక్షల ఓముల రెసిస్టరుండును. పొరపాటున 230 వోల్టులు తగిలినను మిల్లీ ఆంపియరులో నాల్గవవంతు కూడ పారదు. బోర్డును అంచులతోనే పట్టి, వెండిరంగు సంచిలోనే పెట్టుదును.

మూడేండ్లకు గాని మామతో నిజము చెప్పుటకు నాకు నోరు రాలేదు. ఆయన బీడీ ఆర్పి, "అయితే అల్లుడా, నాలుగు దినాల కూలి నాకు బాకీ ఉన్నవ్" అనెను. జేబులోనుండి తీసి ఇచ్చితిని. పుచ్చుకొనలేదు. దసరాకు ఇంటికి వచ్చినప్పుడెల్ల ఆ బాకీ మాత్రము అడుగుచునే యున్నాడు.