ఎదుటి కాలేజీ మాట అడిగితే

పదో తరగతి ఫలితాలు వచ్చాక మద్నూర్‌లో ఏ గడప తొక్కినా కాలేజీల కరపత్రాలే. నిజామాబాద్, హైదరాబాద్ కాలేజీల పీఆర్వోలు ఒకరి వెనుక ఒకరు వచ్చిపోతుంటారు. ప్రభుత్వ జూనియర్ కళాశాల లెక్చరర్లు కూడా పిల్లల కోసం ఎండలో ఇంటింటికీ తిరగాల్సిందే. వాళ్ల వెంట నేనూ నడిచాను. పక్క కాలేజీ గురించి తల్లిదండ్రులు అడిగితే ఏం చెబుతారో వినాలని.

కామారెడ్డి జిల్లా చివరన, 161వ జాతీయ రహదారి మీద ఉన్న ఊరిది. సలాబత్‌పూర్ చెక్‌పోస్టు దాటితే మహారాష్ట్ర. తెలుగు, మరాఠీ రెండూ వినిపించే బజారు. అందుకే ఇక్కడ పోటీ కాలేజీలంటే దెగ్లూర్, నాందేడ్ కూడా లెక్కలోకి వస్తాయి.

జిన్నింగ్ మిల్లులో హమాలీ పని చేసే ఒకాయన నేరుగా అడిగాడు: "సార్, నాందేడ్‌ల చదివితే డాక్టర్లయితరంటున్నరు. మా బిడ్డను ఆడ్నే వెయ్యాల్నా?"

లెక్చరర్ నాందేడ్‌ను తక్కువ చేయలేదు. "నీట్ కోచింగ్‌కు నాందేడ్‌కు పేరుంది అన్నా, కాదని నేనెట్లంట? గానీ ఒక్క సంగతి తెలుసుకొని పోండ్రి" అని లోకల్ హోదా సంగతి విప్పి చెప్పాడు. 2024 జులైలో వచ్చిన జీవో 33 ప్రకారం, మెడికల్ సీట్లలో తెలంగాణ లోకల్‌గా లెక్కించాలంటే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్లూ ఇక్కడే చదివి, ఇక్కడే పాసవ్వాలి. 2025 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది. ఇంటర్‌కు సరిహద్దు దాటితే అమ్మాయికి ఆ హోదా పోయే ప్రమాదం ఉంది. నా లెక్కన ఆ ఇంటికి అన్నిటికంటే అవసరమైన మాట అదే. అంతకుముందు ఎన్ని కరపత్రాలు వచ్చినా ఆ తండ్రికి అది తెలియదు.

ఆ తర్వాత తమ కాలేజీ మాట: ట్యూషన్ ఫీజు లేదు, పుస్తకాలు ఉచితం. "నీట్ కోచింగ్ మా దగ్గర మీరనుకునేంత ఉండదు" అని కూడా అన్నాడు. ఆ ఒక్క మాటతో మిగతావన్నీ నమ్మబుద్ధయింది.

మరో ఇంట్లో ఒక తల్లి చెప్పింది: వేరే కాలేజీ మనిషి వచ్చి, "సర్కారు కాలేజీల పాఠాలే చెప్పరు" అన్నాడట. ఆయన ఆ కాలేజీ గేటు లోపలికి వెళ్లి చూశాడా? పోటీదారు గురించి తెలియనిది తెలిసినట్టు చెప్పడం పిల్లల భవిష్యత్తుతో ఆడుకోవడమే. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ సెంటర్లకు ఇచ్చిన మార్గదర్శకాలు ర్యాంకుల గ్యారంటీలు ఇవ్వొద్దన్నాయి. ఎదుటివారి మీద బురద చల్లకుండా ఉండటానికి మాత్రం ఏ ఉత్తర్వూ అక్కర్లేదు.

ఫలానా కాలేజీ ఎట్లుంటది అని అడిగితే పీఆర్వో చెప్పదగ్గ జవాబు ఒకటుంది. "ఎంతమంది పరీక్ష రాస్తే ఎంతమంది పాసయ్యారో అక్కడ అడగండి, రెండేళ్ల ఫీజు కాగితం మీద రాయించుకోండి, హాస్టల్ గది చూడండి. ఇవే ప్రశ్నలు నన్నూ అడగండి." అలా అనగలిగినవాడు తన కాలేజీ మీద నిజంగా నమ్మకం ఉన్నవాడు.

ఆ హమాలీ ఇంట్లో ఆ రోజు దరఖాస్తు నిండలేదు. బిడ్డతో మాట్లాడి చెబుతానన్నాడు, లెక్చరర్ సరేనన్నాడు. మద్నూర్ తల్లిదండ్రులకు నా విన్నపం ఒక్కటే: మీ ఇంటికొచ్చి పక్క కాలేజీని తిట్టినవాళ్ల దరఖాస్తు మీద ఆ రోజే సంతకం పెట్టకండి.