తాతయ్య ఇనప్పెట్టె

నాకు తాళాలు తీయడం హాబీ అంటే ఇంట్లో మొదట ఎవరూ నమ్మలేదు. నమ్మాక నానమ్మ అడిగిన మొదటి మాట, "ఉద్యోగం పోయిందేంట్రా?"

పోలేదు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం బానే ఉంది. ఇది లాక్‌డౌన్‌లో యూట్యూబ్ చూసి పట్టుకున్న పిచ్చి. పాత సామాన్ల కొట్లో తాళంచెవుల్లేని అలీగఢ్ తాళాలు కొనుక్కొచ్చి, సైకిల్ పుల్లలు అరగదీసి, రాత్రిళ్లు కూర్చునేవాణ్ని. దీనికి ఒకటే రూల్. తాళం మనదై ఉండాలి, లేదా సొంతదారు దగ్గరుండి తియ్యమనాలి.

ఊళ్లో తాతయ్య ఇనప్పెట్టెకి సొంతదారులు ఇద్దరు. నాన్న, బాబాయ్. తాతయ్య పోయిన వారంలోనే దాని తాళంచెవి కనపడకుండా పోయింది. బాబాయ్ తీశాడని నాన్న, నాన్న తీశాడని బాబాయ్ అనుకున్నారు. పైకి అనలేదు, అదే వచ్చిన చిక్కు. ఆరేళ్లు సంక్రాంతికి కూడా ఒకళ్లొచ్చి వెళ్లాక ఇంకొకళ్లు వచ్చేవాళ్లు. గ్యాస్ కట్టర్‌తో కోయిద్దామంటే లోపల కాగితాలు కాలిపోతాయని ఇద్దరూ వద్దన్నారు. ఆ ఒక్క విషయంలోనే ఒక మాట మీదున్నారు.

"ఇద్దరూ ఎదురుగా కూర్చుంటేనే తీస్తా" అన్నాను. కూర్చున్నారు, చెరో మూల.

అది లీవర్ తాళం. లోపల పల్చటి లోహపు పలకలు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. ప్రతిదాన్నీ ఒక స్ప్రింగు కిందకి నొక్కి ఉంచుతుంది. ఒక్కో పలకకి ఒక్కో ఎత్తులో గాడి. తాళంచెవి పళ్లు వాటిని ఎంత లేపాలో అంతే లేపితే గాడులన్నీ ఒక వరసలోకొచ్చి గడియ జరుగుతుంది. కాస్త తగ్గినా కదలదు, కాస్త ఎక్కువైనా కదలదు. తాళంచెవి లేనప్పుడు ఒక తీగతో గడియని కొద్దిగా తోసిపట్టి ఉంచాలి. అప్పుడు పలకల్లో ఏదో ఒకటి ముందు బిగుసుకుంటుంది. దాన్ని ఇంకో తీగతో మెల్లగా లేపితే గాడి దగ్గర చిన్న 'టిక్'. వెంటనే ఇంకోటి బిగుస్తుంది. చెవికన్నా వేళ్లకే ముందు తెలుస్తుంది.

1851లో లండన్‌లో ఆల్ఫ్రెడ్ హాబ్స్ అనే అమెరికన్, ఎవరివల్లా కాదని పేరున్న చబ్ తాళాన్ని 25 నిమిషాల్లో తీశాడు. బ్రామా తాళానికి మాత్రం 16 రోజుల మీద 51 గంటలు పట్టింది. నాకు రెండు వీకెండ్లు పట్టింది. మొదటిది మొత్తం తుప్పుకే పోయింది.

రెండో ఆదివారం నాకు చేతులు చాలలేదు. బాబాయ్‌ని ఫోన్ టార్చ్ పట్టుకోమన్నాను, నాన్నని గడియ తీగ. నాన్నది మొరటు చెయ్యి, బలమంతా పెట్టేస్తాడు. పలకలన్నీ ఒకేసారి బిగుసుకుపోయేవి.

"నాన్నా, వదులు."

వినిపించుకోలేదు.

"అన్నయ్యా, కాస్త వదులంట" అన్నాడు బాబాయ్.

నాన్న చెయ్యి నిజంగానే వదులైంది. టిక్. గంట తర్వాత ఇంకోటి. మధ్యాహ్నం భోజనాలు చల్లారిపోయాక గడియ మొత్తం జరిగింది.

బంగారం లేదు. రెవిన్యూ స్టాంపులంటించిన ప్రామిసరీ నోట్లు ఒక కట్ట. నోటు చెల్లేది మూడేళ్లు. ఇవన్నీ ఎప్పుడో కాలదోషం పట్టినవి. తాతయ్య ఎవర్నీ అడిగినట్టు లేదు. నాన్న ఒక్కోటీ చదువుతుంటే, ఆ మనిషి ఇప్పుడెక్కడున్నాడో, ఉన్నాడో లేడో బాబాయ్ చెప్తున్నాడు. ఒక పేరు దగ్గర ఇద్దరూ నవ్వారు. ఎందుకో నాకు చెప్పలేదు.

అడుగున ఒక గుడ్డసంచి. అందులో ఇనప్పెట్టె రెండో తాళంచెవి. ఎవరైనా డూప్లికేట్‌ని లోపలే పెట్టి తాళం వేస్తారా? మా తాతయ్య వేశాడు.

మొదటిది ఏమైందో ఇప్పటికీ తెలీదు. ఆ రోజు ఎవరూ అడగలేదు. నానమ్మ వచ్చి రెండోదాన్ని కొంగున ముడేసుకుని, "అన్నం చల్లారిపోయింది, రండి" అంది.